గిరిసోల దాటాక తీసేసిన హెల్మెట్

మే నెల, ఆదివారం రాత్రి

ఇవాళ అన్నయ్య బైక్ మీద ఇచ్ఛాపురం పిన్ని వాళ్లింటికి వెళ్లాం. బరంపురం నుంచి బుద్ధిగా హెల్మెట్ పెట్టుకున్నాడు. ఒడిశా సరిహద్దులోని గిరిసోల దాటగానే బండి ఆపి, తీసి నా ఒళ్లో పెట్టాడు.

"ఎండకి బుర్ర ఉడికిపోతంది. పట్టుకోవే. ఇక్కణ్ణించి ఆంధ్రా, మన పోలీసులుండరు."

"అయితే రోడ్డేటి, మెత్తబడిపోనాదా?" అన్నాను. నవ్వేశాడు.

కాసేపటికే ఒక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు వేస్తే బండి జారి, రోడ్డు అంచున ఆగింది. మాకేమీ కాలేదు. ఒళ్లో హెల్మెట్ మాత్రం ఎగిరిపడి, ఒకవైపు పొడుగునా పగిలింది. 'పై ప్రాణాలు పైనే పోయాయి' అని వ్యాసాల్లో ఎన్నిసార్లు రాశానో. ఆ మాటకి అర్థం ఇవాళ తెలిసింది.

అన్నయ్య వద్దంటున్నా, ఇంటికి రాగానే నాన్నకి అంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, నల్ల టేపు తెచ్చి పగులు మీద అంటించారు.

"ఇంక పోలీసులకి కనబడదు. మీ అమ్మకి సెప్పకు, కంగారు పడతాది."

"మరి తల మాటేటి నాన్నా?"

"నెమ్మదిగా ఎల్తాడులే అమ్మా."

రేపు అన్నయ్య స్నేహితులతో గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్తున్నాడు. హెల్మెట్ గుమ్మం దగ్గర, బండి తాళం పక్కనే ఉంది. ఇందాక వెళ్లి చూశాను. నాన్న ఎంత బాగా అంటించారంటే, చేత్తో తడిమితే గాని పగులెక్కడో నాకే తెలియలేదు.