వాగు దిగుడు, న్యూట్రల్ గొడవ

గోదావరిఖని,
ఆదివారం

అన్నకు చెల్లె సుజాత దండాలు. నేను బాగున్నాను. కడుపులో బిడ్డ కూడా బాగుంది, రోజంతా తన్నుతూనే ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? నువ్వూ వదినా వేళకు తింటున్నారా?

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమంటాయి. పొద్దున ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి నల్లబడుతుంది. అయినా అలవాటైంది, నా గురించి ఫికరు పడకు. అమ్మ చేతి మామిడి తొక్కు మీదికే మనసు పోతోంది.

సెల్లులో అయితే నువ్వూ మీ బావా మళ్ళీ అరుచుకుంటారని ఉత్తరం రాస్తున్నాను. తొలి కాన్పుకు నన్ను తీసుకుపోవడానికి నీ ఆటో తెస్తానన్నావు. మన ఊరి వాగు దిగుడులో నువ్వు గేరు తీసేసి న్యూట్రల్ కొడతావని మీ బావకు తెలుసు. “గేర్ల దిగుతనంటెనే పంపుత” అన్నాడు. “డీజిలు నీ అయ్య పోస్తడా? న్యూట్రల్‌ల ఏస్తెనే మిగులుతది. పంపకుంటె ఆడనే ఉంచుకో” అన్నావు నువ్వు. ఎంత మాటన్నావన్నా! మీ ఇద్దరి పంతం నడుమ నేను ఎక్కడ కనాలి?

మీ బావ ఊరుకున్నాడా? మెకానిక్ ఖాదర్ భాయ్‌తో తన ఆటోకు డీజిలు సీసా కట్టించాడు, గేరులో ఎంత, న్యూట్రల్‌లో ఎంత కాలుతుందో కంటికి కనబడేట్టు. సీసా చూడమని నన్ను వెనక కూర్చోబెట్టాడు. సరిగ్గా షిఫ్టు వదిలే వేళకు బయలుదేరాడు, అదీ ఆయన తెలివి! గని గేటు దగ్గర పని దిగిన కాకలందరూ “ఆగు, ఆగు” అంటూ ఎక్కేశారు. దిగమని ఎవరిని అంటాడు? ఆ రోజు పరీక్ష అట్లా చెడింది. ఎక్కినవాళ్ళలో పక్కింటి రాజయ్య కాక ఉన్నాడు. గనిలో ఏటవాలు పట్టాల మీద బొగ్గు టబ్బులను తాడుతో లాగి దించే పని ఆయనది. సంగతి విని, “ఖాళీ టబ్బును గూడ తాడు ఇప్పి ఇడువం బిడ్డా. ఇడిస్తె అది ఎవ్వని మాట ఇనది” అన్నాడు.

మరునాడు ఖాళీ ఆటోతో పోయాం. నిజం చెబుతున్నాను, సగం నువ్వే గెలిచావు. బ్రిడ్జి మీది నుంచి మెల్లగా వాలే రోడ్డులో, గేరులో ఉంటే బండి తొందరగా మందగించింది, మళ్ళీ రేసు ఇవ్వాల్సి వచ్చింది. న్యూట్రల్‌లో చాలా దూరం తనంతట తనే పోయింది. మీ బావ ముఖం చూడాల్సింది! కానీ గని మట్టి పోసిన గుట్ట పక్కన నిలువు దిగుడులో కథ మారింది. గేరులో ఉంచి రేసు వదిలేస్తే చక్రాలే ఇంజన్ను తిప్పాయి, సీసాలో డీజిలు కదల్లేదు. న్యూట్రల్‌లోనేమో ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంది. పైగా బ్రేకు తొక్కీ తొక్కీ కాలిన వాసన వచ్చింది.

మన వాగు దిగుడు అంతకన్నా నిలువు కదన్నా. కాక మాట విన్నప్పటి నుంచి నీ ఆటోనే కళ్ళ ముందు కనబడుతోంది. నాకు భయంగా ఉంది.

నిన్న అన్నం తింటూ మీ బావ మెత్తబడ్డాడు. “మిగతా తొవ్వంత మీ అన్న ఇష్టం. వాగు కాడ మాత్రం సెకండు గేరు” అన్నాడు. నిన్ను అడగడానికి ఆయనకు నామోషీ, అందుకని నేనే అడుగుతున్నాను.

గురువారం రా. ఆయన తన ఆటోలో మన వెనకే వస్తాడట. ఊళ్ళోకి మాత్రం రాడట, కోపం ఇంకా పోలేదు. దిగుడు పైనే ఆగుతాడట. గేరులో దిగితే ఇంజన్ గుర్రుమంటుంది కదా, ఆ చప్పుడు వినబడితే చాలు, అటునుంచి అటే తిరిగిపోతాడట. ఆ చప్పుడు వినిపించన్నా. ఆ తర్వాత కిందినుంచి ఒక్క కేకెయ్, అన్నం తినిపొమ్మని. నువ్వు పిలిస్తే దిగివస్తాడు.

అమ్మకు, వదినకు దండాలు. పుట్టబోయే బిడ్డను అందరూ దీవించండి.

ఇట్లు,
నీ మీద నమ్మకంతో సంచి సర్దుకుని కూర్చున్న చెల్లె,
సుజాత