చిన్నోడికి తాపిన పసరు

ఆళ్లగడ్డ, మంగళవారం, 1984

చిన్నోడి లివరు బాగైందని ఈరోజు నంద్యాల డాక్టరు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోయిన నెల రక్తపరీక్షలో కొంచెం తేడా ఉందన్నప్పటి నుంచి, కామెర్లతో పోయిన పెద్దోడే కళ్ల ముందు మెదిలాడు. కళ్లు పచ్చగా లేవే, ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అప్పుడే అడిగాడు. మా అత్త నోరు విప్పింది.

"కామెర్లు రాకుండా ఆదివారం ఆదివారం పసరు తాపుతాండా సారూ."

"దానివల్లే కావచ్చవ్వా. ఆపి చూద్దాం."

ఆపాం, తగ్గింది.

ఈరోజు బస్సులో అత్త, "తిట్టు మే. పెద్దోనికి తాపకపోతినే అనే గదా వీనికి తాపింది" అని ఏడ్చింది.

పసరు తాపి ఉంటే పెద్దోడు దక్కేవాడని నేనూ ఇన్నాళ్లు కుమిలాను. ఆ బాధ ఈరోజు దిగింది. వాడు లేని బాధ అట్లే ఉంది...