తలుపు గడియకి కట్టిన దారం

అన్నయ్యా,

ఆదివారం వస్తానన్నావట. రా. కానీ ఎప్పట్లా తలుపుని భుజంతో తోసుకుని రాకు. తట్టి, ఆగు. ఫోన్ ఆయన దగ్గరే ఉంటోంది, అందుకే ఈ ఉత్తరం.

మిల్లు మూతపడ్డాక మీ బావ ఇంట్లోనే యోయోలకి దారాలు పేనుతున్నారు. బొమ్మల దుకాణం వాళ్లు తీసుకుంటారు. ఒక కొస తలుపు గడియకి కట్టి, రెండో కొస కిటికీ దగ్గర పట్టుకుని పురి ఎక్కిస్తారు. అందుకని గడియ వెయ్యరు. తలుపు గుమ్మానికి పట్టేసి అలా ఆగి ఉంటుంది, అంతే. అది కదిలిందా, దారం సడలి మెలికలు పడిపోతుంది. మొన్న పక్కింటావిడ అలాగే తోసుకొచ్చింది. ఆవిడ ఉన్నంతసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నారు. వెళ్లాక సంగతి వదిలెయ్.

పేనిన దారం చివర వేలికి తొడుక్కోవడానికి జారుముడి వేస్తారు. లాగేకొద్దీ అది బిగుస్తుంది. గట్టిగా ఉందో లేదో నా వేలికే తగిలించి చూస్తారు. రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నా వేళ్లు చూసి ఆయన్నేమీ అడక్కు, నీకు దణ్ణం పెడతాను. అమ్మకి అసలు చెప్పకు.

నువ్వు తట్టగానే, "ఒక్క నిమిషం, దారం విప్పుతున్నా" అని లోపల్నించి నా గొంతు వినిపిస్తుంది. ఎవరొచ్చినా ఆ మాట నేనే అంటాను.

అది ఆయన గొంతైతే మాత్రం ఆగకు అన్నయ్యా. దారం పోతే పోయింది, తలుపు తోసెయ్.

నీ చెల్లెలు