అంకె లేని బండి

అక్టోబర్ 6, శుక్రవారం

బండి వచ్చింది. మా ఆయన వెందెలీన్ జర్మనీ నుంచి తనే నడుపుకుంటూ తెచ్చాడు. ముదురు నీలం. సెకండ్ హ్యాండే, కానీ మా వీధిలో అలాంటిది ఇంకొకటి లేదు. వాళ్లమ్మ పోయాక కొండ మీది గడ్డినేల అమ్మితే వచ్చిందంతా ఇందులోనే పెట్టాడు. వయసంతా సీట్ల ఫ్యాక్టరీలో పరాయివాళ్ల కార్లకు సీట్లు బిగించిన మనిషి. నేను వద్దనలేకపోయాను.

సాయంత్రం పక్కింటి ఇమ్రిఖ్ చూడ్డానికి వచ్చాడు. మా ఆయనా అతనూ ఒకే రోజు ఫ్యాక్టరీలో చేరారు. ఆదివారాలు కలిసి వాహ్ నదిలో గాలాలు వేస్తారు. బండి చుట్టూ తిరిగి, వెనక డిక్కీ మీద ఇంజన్ సైజు చెప్పే అంకె ఉంటే దాని మీద బొటనవేలు పెట్టి ఈల వేశాడు. "ఒరేయ్ వెండో, ఇది కారా, రైలింజనా? యూనియన్ ప్రెసిడెంటువి నువ్వే ఇందులో తిరిగితే బస్సెక్కే మేం ఏమైపోవాల్రా!" అన్నాడు. పడీ పడీ నవ్వుకున్నారు. అతని భార్య బ్లాజెనా రేగుపళ్ల సారా తెచ్చింది. గ్లాసు డిక్కీ మీద పెట్టబోతే మా ఆయన ఉలిక్కిపడి చెయ్యి పట్టుకున్నాడు. దానికీ నవ్వారు.

అక్టోబర్ 11

ఫ్యాక్టరీలో సగం లైన్లు మూసేస్తున్నారట. వెందెలీన్ ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో బూట్లతో అడుగుపెట్టడం ఇదే మొదలు.

అక్టోబర్ 13

రోజంతా మీటింగులు. యూనియన్ తరఫున బేరమాడేది ఆయనే. ఆయన ఉద్యోగం మాత్రం పోదు. యూనియన్ ప్రెసిడెంటును తీయకూడదని చట్టం. ఆ మాట చెబుతున్నంతసేపూ సూప్ గిన్నెలోకే చూశాడు.

అక్టోబర్ 15, ఆదివారం, మధ్యాహ్నం

ఇవాళ గ్యారేజీలో ఆ అంకె తీసేశాం.

ఆలోచన ఆయనది. "ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆపుతుంటే అందరి కళ్లూ దాని మీదే, డ్రాహా. ఎవర్ని ఉంచాలి ఎవర్ని పంపాలని మాట్లాడి బయటికొచ్చి, ఆ అంకె చూపించుకుంటూ ఎలా పోను?" అన్నాడు. అయితే బస్సులో వెళ్లమన్నాను. "ఇప్పుడు బస్సెక్కితే బండి దాచాడంటారు" అన్నాడు.

ఎలా తీయాలో ఇద్దరికీ తెలియదు. కత్తితో పెకిలిస్తే పెయింట్ పోతుంది. చివరికి నా సెలూన్‌లోంచి డ్రయ్యర్ తెచ్చాను. జుట్టు ఆరబెట్టినట్టే దగ్గరగా పెట్టి నిదానంగా వేడి చేశాను. జిగురు మెత్తబడ్డాక ఆయన గాలం దారం రెండు కొసలూ వేళ్లకు చుట్టుకుని, అంకె వెనక నుంచి ఇటూ అటూ రంపంలా లాగాడు. ముందు అంకె పక్కనున్న అక్షరాలు వచ్చాయి. అంకె మొండికేసింది. వచ్చేటప్పుడు వంగిపోయి, చివర విరిగింది.

జిగురు బొటనవేలితో రుద్దితే నల్లగా ఉండలు కట్టి ఊడింది. దాని కింద రంగు మిగతా చోటు కంటే ముదురుగా ఉంది. అంకె లేదు, కానీ చదవొచ్చు. ఆ నీడ పోయేదాకా ఆయన పాలిష్ పెడుతూనే ఉన్నాడు. పని అయ్యాక ఇద్దరం నాలుగడుగులు వెనక్కి వేసి చూశాం. ఇప్పుడు మామూలు బండిలా ఉందన్నాడు. ఉందన్నాను.

అక్టోబర్ 17

చెత్త వేయడానికి వెళ్తే ఇమ్రిఖ్ ఎదురయ్యాడు. "మొన్న బండి వెనకున్న అంకె ఏమైంది డ్రాహా?" అన్నాడు. ఊడిపోయిందన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. "జర్మనీ బండికి అక్షరాలు వాటంతటవే ఊడిపోతాయా?" అన్నాడు. ఈసారి ఈల వేయలేదు.

అక్టోబర్ 20

తీసేసేవాళ్ల పేర్లు వచ్చాయి. ఇమ్రిఖ్ పేరు ఉంది.

 ఆపడం వెందెలీన్ వల్ల కాలేదట. పోయేవాళ్ల సంఖ్య తగ్గించగలిగాడు గానీ, ఎవరన్నది కంపెనీయే తేల్చిందట. తగ్గించిన సంగతి ఎవరికి కావాలి? మిగిలినవాళ్లకు తాము మిగలడం న్యాయమే అనిపిస్తుంది. పోయినవాళ్లకు ఈయన మిగలడమే కనిపిస్తుంది.

అక్టోబర్ 23

సెలూన్ మా ఇంటి ముందుగదే. ఊళ్లో మాటలన్నీ ఇక్కడే మొదలవుతాయని వెందెలీన్ వెక్కిరిస్తుండేవాడు. ఇవాళ నేను లోపలి తలుపు తీయగానే మాట ఆగిపోయింది.

చివరికి హొర్తెన్జియా అత్త చెప్పింది. ఎనభై దాటిన మనిషి, ఎవరికీ జంకదు. "కంపెనీవాళ్లే మీ ఆయనకు బండి కొనిచ్చారంటున్నారే. నేను నమ్మలేదనుకో. కానీ ఒక్కటి చెప్పు తల్లీ, సొంత డబ్బుతో కొనుక్కున్నవాడు అంకె ఎందుకు పీకేసుకుంటాడు?"

గడ్డినేల సంగతి చెప్పాను. జనం బాధపడకూడదనే ఈ డ్రయ్యర్‌తో వేడి చేసి తీశామన్నాను. అత్త అద్దంలో నన్ను జాలిగా చూసింది. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది.

అక్టోబర్ 27

సెలూన్‌కి ఎవరూ రాలేదు.

నవంబర్ 1, బుధవారం



సమాధుల పండగ. పొద్దున్నే చామంతులూ కొవ్వొత్తులూ వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరాం. బండిలో వద్దన్నాను. "ఎన్నాళ్లు దాక్కుంటాం? మా అమ్మ దగ్గరికి దొంగలా పోవాలా?" అన్నాడు. ఊరంతా ఇవాళ రోడ్డు మీదే ఉంటుంది. వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. వెనక కారువాళ్లు హారన్ కొట్టారు. అద్దంలో చూస్తే నవ్వుతున్నారు. పిల్లలు వేలు పెట్టి చూపిస్తున్నారు. నేను కూడా వాళ్లను చూసి చెయ్యి ఊపాను. చెయ్యి ఊపాను! చాలా రోజులకు మనల్ని చూసి నవ్వేవాళ్లు దొరికారన్నాను ఆయనతో.

శ్మశానం గేటు దగ్గర దిగి, పూల కోసం వెనక్కి వెళ్లినప్పుడు చూశాను. అంకె ఉన్న చోట వెండి రంగు అక్షరాలు. ఇంటి గేటుకు పేరు అంటించుకునే రకం. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా అంటించారు.

"ధన్యవాదాలు".

రాత్రి ఎప్పుడో బండి గ్యారేజీ బయట ఉన్నప్పుడు అంటించి ఉంటారు. కంపెనీకి ధన్యవాదాలన్నమాట. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు అది చూపించుకుంటూ వచ్చాం.

వెందెలీన్ కోటు విప్పి అక్షరాల మీద కప్పాడు. గాలికి జారిపోతుంటే చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అత్తగారి సమాధి దగ్గర కొవ్వొత్తి నేనొక్కదాన్నే వెలిగించాను. తిరిగొచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు, చలిలో, చొక్కాతో. జనం పక్క నుంచి పోతున్నారు. అందరికీ పండగ శుభాకాంక్షలు చెబుతున్నాడు.

నవంబర్ 2

మళ్లీ డ్రయ్యర్, మళ్లీ దారం. ఇవి తేలిగ్గానే వచ్చాయి.

పాత అంకె తిరిగి అంటించేద్దామన్నాను. దాచేదేమీ లేదని తెలుస్తుంది కదా. సొరుగులోంచి తీశాడు. వంగినదాన్ని సరిచేయబోతే రెండుగా విరిగింది. కొత్తది తెప్పిద్దామంటే, "ఇప్పుడు పెడితే పొగరంటారు, పెట్టకపోతే దొంగంటారు" అన్నాడు. అమ్మేస్తేనో అన్నాను. భయపడి అమ్ముకున్నాడంటారట. రాజీనామా చేస్తేనో? చేస్తే, మిగిలినవాళ్ల తరఫున మాట్లాడేవాడే ఉండడట. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. అన్ని తలుపులూ తట్టి వచ్చి కూర్చున్న మనిషిలా ఉన్నాడు.

నవంబర్ 5, ఆదివారం

ఇది ఇమ్రిఖ్ పనేనని ఆయన తేల్చేసుకున్నాడు. అంకె ఎక్కడుండేదో అంత కచ్చితంగా తెలిసింది వాడికేనట. పొద్దున ఇమ్రిఖ్ కంచె అవతల నుంచి ఏదో అనబోయాడు. ఈయన ముఖం తిప్పుకుని లోపలికి వచ్చేశాడు. ఇమ్రిఖ్ గాలం కర్రలు పట్టుకుని ఒక్కడే నదికి వెళ్లాడు.

నవంబర్ 9

బ్లాజెనా వచ్చింది. కబురైనా లేకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. "పొట్టిగా కత్తిరించు. అక్కడ దువ్వుకునే తీరిక ఉండదు" అంది.

ఆస్ట్రియా వెళ్తోందట. వియన్నాలో ఒక ముసలావిడను చూసుకునే పని. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. ఇంట్లో మంచానపడ్డ అత్తగారిని ఇమ్రిఖ్ చూసుకుంటాడట. "వాడికి ఎలాగూ పనిలేదుగా" అంది. మామూలుగానే అంది.

కత్తిరించాను. ఇరవై ఏళ్లుగా ఆ తల నాకు తెలుసు. వెనక రెండు సుడులున్నాయి, తడి మీద ఒకలా, ఆరాక ఒకలా పడుతుంది ఆ జుట్టు. డ్రయ్యర్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె అద్దంలో దాన్నే చూస్తోంది. దాంతో ఏం చేశామో ఊరందరికీ తెలుసు.

కోటు వేసుకుని, తలుపు పట్టుకుని అప్పుడంది. "అక్షరాలు నేనే అంటించానే. ఇమ్రిఖ్‌కి తెలియదు. తెలిస్తే నన్ను చంపేస్తాడు. మీ ఆయన ఏ తప్పూ చేయలేదని వాడు ఇంకా పోట్లాడుతూనే ఉన్నాడు, బార్‌లో, అందరితో." కోటు గుండీలు పెట్టుకుంటూ, "వెండోకి చెప్పకు" అంది.

మరి నువ్వు ఎందుకు చేశావని అడిగాను.

"ఎవరి మీదో ఒకరి మీద కోపం తెచ్చుకోవాలి కదే. కంపెనీ ఓనరు ఎక్కడుంటాడో కూడా నాకు తెలియదు."

కటింగ్ డబ్బులు వద్దంటే అద్దం ముందు పెట్టేసి వెళ్లిపోయింది.

నవంబర్ 10

చెబితే బ్లాజెనా ఇల్లు కూలుతుంది. చెప్పకపోతే ఇమ్రిఖ్ లాంటి స్నేహితుణ్ణి ఈయన పోగొట్టుకుంటాడు. భోజనం దగ్గర నోరు తెరిచాను. ఉప్పు కావాలా అన్నాడు. కావాలన్నాను.

నవంబర్ 12, ఆదివారం

ఆస్ట్రియా వెళ్లే వ్యాన్ రాలేదు. పొద్దున్నే ఇమ్రిఖ్ మా తలుపు తట్టాడు. సాయంత్రంలోగా చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట. మంచానపడ్డ వాళ్లమ్మను వదిలి తను కదల్లేడు, కదిలినా బండి లేదు. వెందెలీన్ అతని ముఖం చూడకుండానే తాళాలు తీసుకున్నాడు.

చీకటి పడ్డాక వచ్చాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

ఏమీ లేదట. బ్లాజెనా వెనక సీట్లో కూర్చుందట. ముందు సీట్లో తన సంచి పెట్టింది. సంచి బరువుకు అక్కడ మనిషి ఉన్నాడనుకుని, బెల్టు పెట్టుకోమని బండి ఆగకుండా బీప్‌మంటోందట. సరిహద్దు దాకా ఓర్చుకున్నాడు. తర్వాత బండి పక్కకు ఆపి, సంచికి బెల్టు పెట్టాడట.