నిఖితకు దుకాణం రాయని వీలునామా

కోనసీమ జిల్లా అమలాపురంలో కాపురముంటున్న, కీర్తిశేషులు నేలపూడి సాలమోను గారి కుమార్తె, అవివాహిత, సుందరమ్మ అనే నేను పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో రాసుకున్న మరణశాసనం ఇది. నా కళ్ళు మసకబారాయి గాని బుద్ధి మసకబారలేదు. నా తమ్ముడు క్రాంతికుమార్ మరోలా చెబితే నమ్మవద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ హెడ్మాస్టరు వీర్రాజు గారికి అప్పగిస్తున్నాను. మరమ్మతుకొచ్చి నా దగ్గర ఉండిపోయిన పెన్నులను, బాగైనా కాకపోయినా, సొంతదారులకు పంపేయాలి.

2. మా నాన్నగారు ఈ దుకాణంలో పాతకాలపు మీట పెన్నులు బాగుచేసేవారు. మీట ఎత్తి వదిలితే లోపలి రబ్బరు తిత్తి సిరా పీల్చుకునే పెన్నులవి. నాకు టీచరు ట్రైనింగులో సీటొచ్చిన ఏడే ఆయనకు చేతి వణుకు పట్టుకుంది. "ఒక్క ఏడాది కూర్చోవే అమ్మా. తమ్ముడి చదువైపోతే నువ్వెళ్దువుగాని," అన్నారు. తమ్ముడికి చదువైంది, ఉద్యోగమైంది, పెళ్ళైంది. నాన్నగారు పోయేముందు దుకాణం నా పేర రాశారు. అదృష్టవంతురాలినని అందరూ అన్నారు. గట్టిపడిన తిత్తిని గీకి తీయడం, విరిగిన పెన్నుల భాగాలు కలిపి ఒక మంచి పెన్ను కూర్చడం నాకు బాగా వచ్చు. అందుకే నన్నెవరూ వదల్లేదు.

ఆ దుకాణం గదిని, ఎదుటి అరుగు మీద వాన జల్లుకు తడుస్తూ మిషను కుట్టుకునే సత్యదుర్గకు సర్వహక్కులతో ఇస్తున్నాను. అక్కడ ఇక పెన్నుల పని జరగనక్కర్లేదు.

3. "నేలపూడి సాలమోను అండ్ సన్" అన్న బోర్డు తమ్ముడికి చెందుతుంది. ఆ సన్ ఏనాడూ వేలికి సిరా అంటించుకోలేదు. నా పేరు కూడా రాయించమని ఒకసారి అడిగితే నవ్వాడు.

4. పనిముట్లు, పాళీలు, తిత్తులు, వాటిని అతికించే లక్క హైదరాబాదు నుంచి పెన్నులు పంపే సూర్యప్రకాష్ గారికి. ఎప్పుడిస్తారని కాక, ఎలా బాగుచేశారని అడిగిన మనిషి ఆయనొక్కరే.

5. తమ్ముడి కూతురు నిఖిత నర్సింగు చదివింది. నాకు చూపు తగ్గాక తండ్రి ఆమెను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. బిగుసుకుపోయిన పెన్ను మెడను సన్నని సెగ తగిలించి, చిట్లకుండా ఊడదీసింది పిల్ల. తమ్ముడు సంతోషించాడు. నాకు భయమేసింది.

మొన్న ఆమెకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళు ఆగమని తండ్రి అన్నాడు, నన్నూ నచ్చజెప్పమన్నాడు. నేను నోరు తెరవకముందే పిల్ల అడిగింది.

"మీరెందుకెళ్ళలేదత్తా?"

నిన్న తమ్ముడు డ్యూటీకి వెళ్ళాక, నా చెవి దిద్దులు ఆమె చేతిలో పెట్టి బస్సెక్కించాను. కనుక ఈ దుకాణంలో ఆమెకు ఏ వస్తువూ, ఏ హక్కూ, ఏ బాధ్యతా రాయడం లేదు. ఎవరైనా అడ్డం తిరిగితే ఇదే నా చివరి మాటగా చూపించాలి.

బస్సు మలుపు తిరిగాక నేను స్టాండులోనే నిలబడ్డాను. ఇంకో బస్సు కదలబోతోంది. "ఎక్కుతారాండీ?" అన్నాడు కండక్టరు. అది ఎక్కడికి వెళ్తుందో అడగాలని కూడా నాకు తోచలేదు. వచ్చి దుకాణం తెరిచాను.

అమలాపురం, 2025 జూలై 14

(సంతకం) నేలపూడి సుందరమ్మ

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
రాజేశ్వరమ్మ, పక్కింటి వాస్తవ్యురాలు
శివాజీ, పుస్తకాల షాపు