శంకర్రావు రెండు కిడ్నీలూ శంకర్రావుకే

ముంబయి కామాఠిపుర చాల్‌లో కాపురముంటున్న, తాపీమేస్త్రీ బక్కయ్య పెద్దకొడుకు సాయన్న అనే నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉంది, కిడ్నీలూ స్థిరంగానే ఉన్నాయి. మొదటిదానికి నా భార్య రత్నాబాయి పూచీ పడదు గాని, రెండోదానికి డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను.

1. మా నాన్న ఖోలీలో, అంటే ఆ ఒక్క గదిలో, నా సగం, అందులోని సామాను రత్నాబాయికి చెందాలి. పోయిన వానాకాలం నా మొహం ఉబ్బి, అన్నం సయించక పడి ఉంటే, వద్దంటున్నా టాక్సీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయిన మనిషి ఆమె.

2. కొడుకు రితేశ్‌కు మా నాన్న తాపీ. నాగ్‌పాడాలో మొబైళ్లు రిపేరు చేసేవాడికి తాపీతో పనిలేదని తెలుసు, అయినా ఉంచుకోవాలి. వాడికి తెలుగు చదవడం రాదు గనుక ఈ మాటలు మరాఠీలో చెప్పాలి: నాకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కేసింది. మాటిమాటికీ పోతున్నాను కదా, కిడ్నీలు జోరుగా పనిచేస్తున్నాయని మురిసిపోయాను. నిజానికి మూత్రాశయం ఎప్పుడూ ఖాళీ కాక, నిండింది పొంగి కొంచెం కొంచెం కారేది. గల్లీలో గటర్ మూసుకుపోతే నీళ్లు ఇళ్లలోకి ఎదురు తన్నినట్టు, మూత్రం కిడ్నీల మీదికి ఎదురు తన్నింది. నొప్పి లేదు కాబట్టి తెలియలేదు. పైగా చాల్ అందరికీ కలిపి ఉన్న మరుగుదొడ్డి, ఆ సండాసు, వరండా చివర ఉందని నీళ్లు తాగడం తగ్గించేశాను, అదే మందనుకున్నాను. నువ్వు మాత్రం ధార సన్నబడితే వయసు మీదికి నెట్టకు.

3. తమ్ముడు శంకర్రావుకు, మా భాగాల మధ్య ప్లైవుడ్ గోడ వేసేటప్పుడు అతను నా వైపు జరిపిన నాలుగు వేళ్ల జాగా. దీని గురించి ఇరవై ఏళ్లు మాటల్లేవు. ఇకమీదట దానిపై నాకు గాని నా వారసులకు గాని ఎలాంటి హక్కూ లేదు.

4. అదే శంకర్రావుకు, అతని కిడ్నీ. రక్తంలో క్రియాటినిన్ బాగా పెరిగింది, నా కిడ్నీలు పోయాయని ఆస్పత్రిలో మావాళ్లు ఏడుస్తుంటే, అన్నేళ్లు నా మొహం చూడనివాడు వచ్చి, "నాది ఒకటి తీసి అన్నకు పెట్టుర్రి" అన్నాడట. ఆ రోజే నాకు పైపు వేశారు. మూత్రాశయం ఖాళీ అయింది, క్రియాటినిన్ దిగింది, తరువాత గ్రంథికి ఆపరేషన్ చేశారు. కొత్త కిడ్నీ అవసరమే పడలేదు. కనుక సదరు కిడ్నీని సర్వహక్కులతో అతనికే వాపసు ఇస్తున్నాను. వాడలా అన్నాడని విన్న రోజు దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

5. అయితే సదరు కిడ్నీని అతను సరిగ్గా చూసుకోవడం లేదు. సండాసులోకి పోతే ఎంతసేపటికీ రాడు, బయట నీళ్ల డబ్బాలు పట్టుకున్నవాళ్లు తలుపు బాదుతారు. అచ్చం నా వరసే. డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకేం కాలే అన్నా, వయసుకు గిట్లనే అయితది" అంటాడు. అన్నకు కిడ్నీ ఇస్తాడట, తన కిడ్నీకి స్కానింగ్ మాత్రం చేయించడట. నాకు భయంగా ఉంది. కాబట్టి వాడు పరీక్ష చేయించుకునేదాకా నేను సంతకం పెట్టను. సంతకం లేని వీలునామా చిత్తుకాగితం, ఆ నాలుగు వేళ్ల కోసం మళ్లీ కొట్టుకుందాం.

6. అమలు బాధ్యత శంకర్రావు కూతురు మనాలిది. దీన్ని నేను పోయాక కాదు, వచ్చే ఆదివారమే అందరి ముందు చదవాలి.

సంతకానికి ముందు చేర్చినది: మనాలి చదివింది. శంకర్రావు అలిగి ఒక పూట అన్నం మానేశాడు, తరువాత కూతురి వెంట పోయాడు. కిడ్నీలు వాచాయి గాని చెడిపోలేదన్నారు, పైపు వేశారు. ఇప్పుడు మంచం మీద పడుకుని, తొందరగా సంతకం పెట్టమని నా ప్రాణం తీస్తున్నాడు. పెడుతున్నాను.

తేదీ: 2025 సెప్టెంబరు 18
స్థలం: ఆస్పత్రి మగవాళ్ల వార్డు, శంకర్రావు మంచం పక్కన

(సంతకం) సాయన్న బక్కయ్య

సాక్షులు:
1. మంగేష్, పక్క మంచం. ఇతనిదీ ఇదే జబ్బు.
2. వెంకటయ్య, ఎదురు మంచం. ఒక చేత్తో మూత్రం సంచి పట్టుకుని, ఇంకో చేత్తో సంతకం పెట్టాడు.