సేవ్ కొట్టి చేతులు కట్టుకో

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నువ్వు దాన్ని మెయిల్ అంటావు, నేను మాత్రం ఉత్తరమనే అంటాను.

ముందు అడిగినవాటికి జవాబులు. వంటింటి కొళాయి కారడం మానేసింది. ప్లంబరు వచ్చి వాషరు మార్చి, పనిలో పనిగా ఇంట్లో ఉన్న మిగతా కొళాయిలన్నిటికీ వంకలు పెట్టి వెళ్ళాడు. మోకాలి నొప్పి అలాగే ఉంది, దానికి తొందరేం లేదు. కింద వాటా ఆవిడ నీ గురించి అడిగింది. "మీ వాడు లేకపోతే మెట్ల మీద చప్పుడే లేదమ్మా" అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు అర్థం కాలేదు. భోజనం వేళకే చేస్తున్నాను, ఒట్టు.

ఇక ఆఫీసు. నా పని నీకు తెలియనిది కాదు. ఫ్యాన్ల అమ్మకాలు ఒక పట్టిక, దుకాణాలు ఒక పట్టిక, తేదీలు ఒక పట్టిక. వాటిని గీతలతో కలిపి మోడల్ కడితే పైవాళ్ళు బొమ్మల్లో చూసుకుంటారు. కట్టడం ఎప్పుడూ కష్టం కాలేదు, ఆ కట్టే ప్రోగ్రామే కష్టం. ఇక్కడ ఒక కాలమ్ పేరు మారిస్తే అక్కడెక్కడో గీతలన్నీ మాయం. సేవ్ కొడితే తెర తెల్లబడి, 'అనుకోని పొరపాటు జరిగింది' అని చూపించేది. ఎవరనుకోనిది? నేను పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అదే అనుకుంటూ ఉండేదాన్ని. కొత్త వెర్షన్ వచ్చిందంటే పాత జబ్బు ఒకటి పోయి కొత్తవి రెండు పట్టుకునేవి, గోరుచుట్టు మీద రోకలిపోటులా.

నువ్వు నేర్పిన చిట్కాతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. సేవ్ కొట్టగానే మౌసు వదిలేయాలి, అది పూర్తయ్యేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. "అక్కా, సేవ్ కొట్టి చేతులు కట్టుకో" అనేవాడివి. ఇప్పటికీ అలాగే కూర్చుంటాను. మా అకౌంటెంటు చూసి, "ఏంటమ్మా, పంతులుగారు వస్తున్నారా?" అన్నాడు.

నీ ఉత్తరంలో ఆఖరి ముక్క చదివి మనసు కలుక్కుమంది. సోమవారం మీ ఆఫీసు పెద్దవాళ్ళ ముందు మీ జట్టు తరఫున మాట్లాడాల్సింది నువ్వు. అది ఇంకొకరికి అప్పగించి, సెలవు పెట్టి వస్తానన్నావు. 'నెలాఖరు రిపోర్టు తప్పితే నీ ఉద్యోగానికే ఎసరు, నేనొచ్చి ఆ మోడల్ సంగతి తేలుస్తా' అని రాశావు. బాగా మాట్లాడితే జట్టంతా నీ చేతికే ఇస్తారని చెప్పావు కదా. దానికోసం నువ్వెంత ఎదురుచూశావో నాకు తెలియదా?

అందుకే ఇక చెప్పక తప్పదు. ఫోన్లో చెప్పబోయాను గానీ, నీ గొంతు వినగానే మాట మార్చేశాను.

ఆ ప్రోగ్రాం బాగైపోయింది, తమ్ముడూ. పోయిన నెల వచ్చిన వెర్షన్‌తోనే బాగైంది. గీతలు పోవడం లేదు, తెర తెల్లబడడం లేదు. రిపోర్టు నిన్ననే పంపేశాను, మా మేనేజరు బాగుందన్నాడు కూడా. ఆ వెర్షన్ వచ్చాక నీకు చెప్పుకున్న కష్టాలన్నీ నేను కల్పించినవే. తేదీలన్నీ అక్షరాలుగా మారిపోతున్నాయని ఏడ్చానే, అదీ అబద్ధమే. నువ్వు పాపం రెండు రోజులు కూర్చుని దానికి విరుగుడు వెతికావు. లేని జబ్బుకి మందు.

ఎందుకలా అంటే ఏం చెప్పను. మామూలు రోజుల్లో "తిన్నావా?" అంటావు, "తిన్నా" అంటాను, అయిపోతుంది. సాయంత్రం ఇంటికి తెచ్చుకున్న పనిలో ఆ ప్రోగ్రాం మొరాయించిన రోజు మాత్రం లైన్లోనే ఉంటావు. "ఇప్పుడేం చూపిస్తోంది? తొందరపడకు, మూసేసి మళ్ళీ తెరువు" అంటావు. అది తెరుచుకునేలోపు మీ క్యాంటీన్ సంగతులు, నీ గదిలో గురక పెట్టేవాడి సంగతి, అన్నీ చెబుతావు. అది ఎంత నెమ్మదిగా తెరుచుకుంటే నాకంత బాగుండేది. దాన్ని తిట్టినన్ని తిట్లు నా జన్మలో ఎవర్నీ తిట్టలేదు. తీరా బాగయ్యాక నాకు దిక్కు తోచలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, నవ్వకు. ఆఫీసు నుంచి వచ్చి ఇప్పటికీ బెల్లు కొడుతున్నాను. ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వు నాకన్నా ముందే ఇంటికి చేరేవాడివి కదా, ఆ అలవాటు. కొట్టి, కాసేపు నిలబడి, అప్పుడు సంచిలో తాళంచెవి వెతుక్కుంటాను. చాలా ఒంటరిగా ఉందిరా.

కోప్పడాలనిపిస్తే కోప్పడు, సెలవు మాత్రం పెట్టకు. సోమవారం వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి, నీళ్ళు నమలకుండా మాట్లాడు. అయ్యాక ఫోన్ చెయ్యి. ఇక్కడ ఏదీ చెడిపోలేదనే చెబుతాను. అయినా కాసేపు లైన్లో ఉండు.

ఇట్లు,
అక్క